పొగమంచులో చదరంగం

“మంత్రి పోయాడు సార్,” అన్నాడు టాప్లిస్ దిగాలుగా.

లెఫ్టినెంట్ వైల్డింగ్ ఉలిక్కిపడ్డాడు. “ఎవరు? లండన్‌లోనా?”

“నా మంత్రి సార్. చదరంగంలో.”

టీజిల్ చిన్న యుద్ధనౌక. ముప్పై సరుకు ఓడలకు కాపలాగా అట్లాంటిక్ దాటుతోంది. దీపం వెలిగించి ఆర్పుతూ పక్క ఓడలకు కబుర్లు పంపడం టాప్లిస్ పని. నాలుగు రోజుల కిందట వెనక పొగమంచులోంచి ఒక దీపం, ‘చదరంగం వచ్చా?’ అని అడిగింది. టీజిల్ వెనక వచ్చే ఓడ హెమ్లాక్ ఒక్కటే. అందులో డాగెట్ అనేవాడిదీ ఇదే పని అని టాప్లిస్ విన్నాడు. వెంటనే బల్ల మీద గళ్లు గీసి, బిస్కెట్ ముక్కలు పేర్చాడు.

“ఈ వెలుగు జర్మన్ సబ్‌మెరైన్ చూస్తే మన పని అయిపోతుంది. ఆపెయ్. లేదంటే లివర్‌పూల్లో నిన్ను ఓడ దిగనివ్వను,” అన్నాడు వైల్డింగ్.

“ఇంకొక్క ఎత్తు సార్. పందెం రమ్ము. ఇప్పుడాపితే జడిసి పారిపోయాడంటారు.”

“ఒక్కటే,” అంటూ వైల్డింగ్ బల్ల మీదికి వంగాడు. మొహం చిట్లించాడు. “గుర్రాన్ని అక్కడ ఎవడు పెట్టమన్నాడయ్యా నిన్ను?”

ఆ తరవాత ఎత్తులు వైల్డింగ్‌వి, దీపం టాప్లిస్‌ది. అవతలివాడు పావును చంపినప్పుడల్లా ‘క్షమించండి’ అనేవాడు.

“హెమ్లాక్ వాళ్లకి ఇంత మర్యాద ఎప్పటినుంచి?”

“ఓడిపోతున్నాడుగా సార్, అదే వస్తుంది.”

రోజూ పొద్దున్నే కెప్టెన్ అడిగేవాడు. “వెనక హెమ్లాక్ ఉందా?”

“ఉంది సార్. ఇప్పుడే ఏనుగుని...” అనబోయి వైల్డింగ్ దగ్గేవాడు.

“ఈసారి జర్మన్ల నుంచి ఒక్క టార్పెడో కూడా రాలేదేమిటి?” అని కెప్టెన్ గడ్డం గీరుకునేవాడు.

ఆట మొదలైన తొమ్మిదో రోజు, ‘ఓడాను. మంచి ఆట. క్షేమంగా ఇల్లు చేరండి’ అని చెప్పి ఆ దీపం ఆరిపోయింది. వైల్డింగ్ టాప్లిస్‌ను వాటేసుకుని, తను లెఫ్టినెంటునని గుర్తొచ్చి టోపీ సర్దుకున్నాడు.

లివర్‌పూల్ రేవులో టాప్లిస్ ఖాళీ మగ్గుతో హెమ్లాక్ ఎక్కాడు.

“డాగెట్ ఎవరోయ్? నా రమ్ము తియ్.”

“నేనే. రమ్మేంటి?”

“ఏం తెలీనట్టు అడుగుతావే. తొమ్మిది రోజులు మా వెనకే ఉండి ఆడావుగా.”

డాగెట్ వాడి మగ్గు వంకా మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

“మీ వెనకెక్కడరా, మేం బయల్దేరిన రెండో రోజే దారి తప్పాం.”