పెళ్ళిబండికి మిలిటరీ యాక్సిలు

ఎనభై నాలుగు, ఫిబ్రవరి. పెళ్ళి పదింటికి. ఎనిమిది దాటినా పెళ్ళికొడుకు జక్రయ్య ఇంకా తన పాత పికప్పు పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

ప్రధానం రోజున ఆ బండి వెనక యాక్సిలు దారిలో విరిగింది. మేడికొండూరు నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు పిల్ల ఊరు నల్లపాడు చేరేసరికి వండినవన్నీ చల్లారిపోయాయి. పిల్ల తండ్రి మరియదాసుకి తిక్క రేగింది. పెళ్ళికి గనక ఆలస్యమైతే పిల్లనివ్వనని పదిమందిలో తెగేసి చెప్పాడు. పోనీ బస్సులో వెళ్ళరాదా అంటే జక్రయ్య వినడు. పెళ్ళికూతురు సంతోషకుమారిని తన బండిలోనే తీసుకొస్తానని మాటిచ్చాడట. ఉత్త మొండిఘటం.

అందుకని మెకానిక్కు బుడే, వేలంలో అమ్మేసిన మిలిటరీ ట్రక్కుది పెద్ద యాక్సిలు తెచ్చి బిగించాడు. ఏనుగెక్కినా విరగదన్నాడు. అంతవరకూ నిజమే. స్టార్టు చేసి గేరు వేసి చూశాకే అతని మొహం మాడిపోయింది.

“లోపల చక్రాల్ని తిప్పే క్రౌను పళ్ళచక్రం ఒక పక్కనుండాల్సింది రెండో పక్కన పడిందిరా. విప్పి మార్చాలంటే సాయంత్రమవుద్ది.”

“నడిచిద్దా?”

“నడవకేం, పరిగెత్తిద్ది. కాకపోతే...”

“నడిస్తే చాల్రా,” అని జక్రయ్య సూటు తొడుక్కున్నాడు.

తల్లి వీరమ్మ, చుట్టాలు బండి వెనక తొట్టిలో ఎక్కారు. బుడే తొట్టి చివర నిలబడి కేకలేస్తూ దారి చెప్పాడు. జక్రయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి నడిపాడు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఊరు దాటేదాకా అద్దంలోంచి కనబడుతూనే ఉన్నారు.

తొట్టిలో వాళ్ళకి ఎదురుగాలి కొట్టి, తల దువ్వుకున్నదంతా దండగైంది. కళ్ళాల్లో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి, నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కొత్త సూటు మహిమలే అని సరిపెట్టుకున్నాడు జక్రయ్య. పేరేచర్లలో పోలీసాయన ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. వెనకాల వస్తున్న పత్తి లారీ డ్రైవరు మాత్రం దారి పొడుగునా పెళ్ళికొడుకుని మిర్రిమిర్రి చూస్తూనే ఉన్నాడు.

పది కాకముందే బండి నల్లపాడు చర్చి ముందు ఆగింది. మరియదాసు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏదో అనబోయి, గడియారం చూసుకుని నోరు మూసుకున్నాడు. ఆలస్యమైతేనే కదా పేచీ.

అయ్యగారు పెళ్ళి జరిపించారు. ప్రమాణాలప్పుడు ఎడమపక్కనున్న పెళ్ళికూతురి వైపు జక్రయ్య మెడ ఎంతకీ తిరగలేదు. పట్టేసింది పాపం. సంతోషకుమారికి ఏడుపొచ్చినంత పనైంది, తనంటే ఇష్టం లేదేమోనని.

విందయ్యాక ఆమె బండెక్కి అతని పక్కన కూర్చుంది. బుడే వచ్చి గేర్లు తిరగబడ్డ సంగతంతా ఆమెకి చెప్పి, మళ్ళీ తొట్టిలోకెక్కాడు. ఆమె ఆ పట్టేసిన మెడకేసి చూసి, నవ్వాపుకుంటూ మెల్లగా అడిగింది:

“ఏమండీ, మీ ఊరికైనా ముందుకి చూసుకుంటూ పోదామా, లేక పొద్దున వచ్చినట్టే దారంతా బండిని వెనక్కే నడుపుతారా?”