తీతువును తీసేసేదెవరు?

రెల్లు మడుగులో గుడ్లకు కాపలా కాయడానికి ఒక సంఘం ఉండేది. సభ్యుల్ని మడుగు పక్షులన్నీ కలిసి ఎన్నుకునేవి. ఆ సభ్యులు తమలోంచి కొంగను అధ్యక్షుణ్ణి చేసుకున్నారు.

ఒకరోజు కొంగ కాపలాలో ఉండగానే నక్క వచ్చి నీటికోడి గుడ్లన్నీ తినేసి పోయింది. "అధ్యక్షుడు నిద్రపోయాడు!" అని సంఘం సభ్యురాలు తీతువు మడుగంతా వినబడేలా అరిచింది.

"నిద్ర కాదు, జపం," అంది కొంగ. "అయినా నీ గొంతే అపశకునం. ఈ క్షణం నుంచి నువ్వు సంఘంలో లేవు. పో!"

"ఎందుకొచ్చిన గొడవ తల్లీ, పెద్దాయన పొమ్మంటే పోరాదూ?" అని గొణిగింది మరో సభ్యురాలు బాతు.

తీతువు కదల్లేదు. "నేను పోతే, రేపు మళ్ళీ గుడ్లు పోయినా నోరెత్తేవాళ్ళుండరు. నన్ను కూర్చోబెట్టింది మడుగు. లేపితే మడుగే లేపాలి. తీసేసే అధికారం పదవి ఇచ్చినవాళ్ళదే! పిలవండి, అడుగుదాం."

పక్షులన్నీ వచ్చాయి. కొంగ మెడ సాచి, "దీన్ని తీసేయాలనేవాళ్ళు నా వైపు రండి," అంది.

ఎవరూ రాలేదు. గుడ్లు పోగొట్టుకున్న నీటికోడి ఈదుకుంటూ వెళ్ళి తీతువు పక్కన నిలబడింది. తల దించుకుని బాతు కూడా దాని వెనకాలే వెళ్ళింది.

"సభ ముగిసింది!" అంది కొంగ గబగబా.

"ముగించడానికి నువ్వెవరు కొంగన్నా? ఇంకో ప్రశ్న మిగిలింది," అని తీతువు మడుగు వైపు తిరిగి గొంతెత్తింది.

"కొంగను సంఘంలో ఉంచుదామా, తీసేద్దామా?"