నిఫోన్ అనే పేరు

"నిఫోనా? ఎవడు పెట్టాడు నీకా పేరు?" మఠం వాకిట్లోనే నిలదీసింది అర్గిరో. "మన ఊళ్లో నువ్వు థిమియోస్‌వి. తాగి బండి నడిపి నా మొగుణ్ణి చంపినవాడివి. జైల్నుంచి వచ్చి గడ్డం పెంచితే పేరు కూడా మారిపోతుందా?"

నల్లంగీ సన్యాసి ఆమె ముందు మిఠాయి, మంచినీళ్లు పెట్టి పక్కకి నిలబడ్డాడు.

"నేనే పెట్టానమ్మా," అన్నాడు ముసలి మఠాధిపతి. "మన పాత గ్రీకు మాటే. నిఫో అంటే మత్తులో లేకపోవడం. పూర్వం కొందరు దేవతలకి ద్రాక్షారసం లేకుండా పాలూ తేనే నీళ్లూ ధారపోసేవాళ్లు. ఆ ధారకీ ఈ మాట నుంచే పేరొచ్చింది. తరవాత మునులు దీన్ని మనసు లోపలికి తీసుకెళ్లారు. గుండె గుమ్మంలో కాపలా కూర్చుని, వచ్చే ప్రతి తలపునీ 'ఎవరు నువ్వు?' అని అడగడం. అదీ నిప్సి."

"ఆ కాపలా ఏదో ఆ రోజు పెట్టుకునుంటే నా పాండెలిస్ బతికేవాడు."

ప్రార్థన గంట మోగింది. మఠాధిపతి కర్ర పట్టుకుని గుళ్లోకి వెళ్లిపోయాడు. ఇద్దరే మిగిలారు.

అర్గిరో చివరికి గొంతు తగ్గించింది.

"తిట్టడానికి రాలేదు నేను. కడుపులో ఈ కోపం పెట్టుకుని గుళ్లో ప్రసాదం తీసుకోలేకపోతున్నాను. ఈస్టర్లు వస్తున్నాయి, పోతున్నాయి, నేను మాత్రం వెనక వరసలోనే నిలబడిపోతున్నాను. నువ్వు మొదట్నుంచీ చెడ్డవాడివి కాదు. మా గొర్రెల దొడ్డి కాలిపోతే ముందు పరిగెత్తుకొచ్చింది నువ్వే. ఆ పాడు సారా నా కొంప ముంచింది. సారా మీద ఎన్నాళ్లని పగబడతాను? క్షమించాను. పో."

అన్నాక ఆమెకి ఒళ్లు తేలికైంది. గ్లాసు అందుకుని నీళ్లు తాగింది.

సన్యాసి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"వద్దక్కా. క్షమించొద్దు."

"అదేం మాట?"

"ఆ సాయంత్రం కాలవ నీళ్ల కోసం పాండెలిస్ అన్నా నేనూ కొట్టుకున్నాం. అది ఎవరికీ తెలీదు. పోలీసులు వచ్చేసరికి నా నోట సారా వాసన వచ్చిన మాట నిజమే." అతను తలెత్తలేదు. "కానీ సీసా మూత తీసింది, పాండెలిస్ అన్న మీదికి బండి తోలాకే."