ఏమీ తెలియని చదువరి

లుబ్లానా నగరంలో కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలో నా భార్య జోరా ప్రోగ్రామర్ల కోసం మాన్యువల్ రాసేది. అర్థంకాని మాన్యువల్‌తో అమ్మిన కంప్యూటర్ ఉత్త ఇనప్పెట్టె అనేది. అచ్చుకు వెళ్లేముందు ప్రతి పేజీ ఇంటికి తెచ్చి, వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది. నేను చరిత్ర చెప్పే మాస్టారిని. నాకు అర్థంకాక ఆగిన చోటల్లా తిరగరాసేది.

ఆమె పోయాక, మంచు కరిగిన వారం ఆఫీసుకు వెళ్లాను. ఆమె కుర్చీలో ఇప్పుడు, ఆమెతో కలిసి పనిచేసిన ద్రాగో కూర్చుంటున్నాడు.

"కొత్త మాన్యువల్ నేను చదివిపెడతాను. సాయంత్రాలు ఖాళీయే," అన్నాను.

"మీరు పనికిరారు మాస్టారూ," అని నవ్వాడు. "మాకు ఏమీ తెలియనివాళ్లు కావాలి. మీరు మా ప్రోగ్రామర్ల తప్పులే పట్టేస్తున్నారని ఆవిడే చెప్పింది. చాలా ఏళ్లుగా గేటు దగ్గరి వాచ్‌మన్‌తో చదివిస్తున్నాం."

"మరి మొన్నమొన్నటిదాకా ఇంటికి తెచ్చిన పేజీల సంగతేమిటి?"

ద్రాగో నవ్వు ఆగింది. కాఫీ కప్పు నావైపు జరిపాడు.

"అవన్నీ అప్పటికే అచ్చయిపోయినవి మాస్టారూ. ఊరికే పిలిస్తే మా ఆయన పుస్తకంలోంచి తలెత్తరు, పని ఉందంటేనే వచ్చి పక్కన కూర్చుంటారు అనేది."