పదకొండు వరుసల వాక్యం

"రాసినవాడెవడు?" తహసీల్దారు మూడోసారి అడిగాడు.

సంగారెడ్డి కచేరీలో అందరూ అతని బల్ల వైపే చూస్తున్నారు.

బల్ల మీద ఒకే ఒక్క కాగితం. ఇంగ్లీషులో ఉంది. అడుగున కిష్టప్ప వేలిముద్ర. లక్డారంలో తాను కౌలుకు చేస్తున్న మూడెకరాల మీద హక్కు వదులుకుంటున్నానని కిష్టప్ప ఒప్పుకున్న కాగితం అది. మూడేళ్లు పట్టాదారు గుమాస్తా పెట్టెలో ఉంది. పోయిన వానాకాలం కిష్టప్ప జ్వరంతో చనిపోయాకే బయటికొచ్చింది.

బావి తవ్వుకోవడానికి అనుమతి అడిగే దరఖాస్తు అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నారని అతని భార్య బక్కమ్మ అంటోంది. రాసినవాడే చదివి వినిపించాడని, విన్నాకే కిష్టప్ప వేలు పెట్టాడని గుమాస్తా అంటున్నాడు. ఎవరు రాశారంటే మాత్రం గుర్తు లేదంటున్నాడు.

"రాసినవాడు అడుగున తన పేరు పెట్టాలి. పెట్టలేదు," అన్నాడు తహసీల్దారు. "వేలిముద్ర వేసినవాడు లేడు. ఇక నిజం చెప్పాల్సింది రాసినవాడే. వాడు దొరికితే అర్జీలు రాసే లైసెన్సు పోతుంది, కేసు కూడా పడుతుంది. కాబట్టి తనంతట తాను రాడు. మూడు గంటల దాకా చూస్తాను బక్కమ్మా. ఆ తర్వాత కాగితం ఎలా ఉంటే తీర్పు అలా రాస్తాను."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

కచేరీ వరండాలో అర్జీలు రాసేవాళ్లు ఇద్దరే. ఒకడు సంగయ్య. పట్నంలో మెట్రిక్ చదివి వచ్చాడు. ఇంగ్లీషు గడగడా రాస్తాడు. లక్డారం మొత్తం అతన్నే అనుమానించింది. తహసీల్దారు పిలిపించి గట్టిగా అడిగితే పిల్లల మీద ఒట్టేశాడు. కాగితంలో రాత అచ్చు పుస్తకంలో గీసినట్టు గుండ్రంగా ఉంది. ఫలానా చెయ్యి అని చెప్పడానికి లేదు. మూడింటి దాకా కదలొద్దని సంగయ్య పక్కన బంట్రోతును నిలబెట్టారు.

రెండోవాడు మక్బూల్. ముప్పై ఏళ్లు ఉర్దూలో అర్జీలు రాసి ఇల్లు నడిపాడు. పోలీసు యాక్షన్‌తో నిజాం పాలన పోయాక కాగితాల భాష ఇంగ్లీషుకు మారింది. యాభై రెండేళ్ల వయసులో చిరిగిన ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం ఒకటి సంపాదించి ఏడాదిగా దానితో కుస్తీ పడుతున్నాడు. అక్షరాలు ఏనాడో వచ్చాయి. అర్థమే చిక్కదు. ఉర్దూలోనైనా తెలుగులోనైనా క్రియ బుద్ధిగా వాక్యం చివర కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఎక్కడ కూర్చుంటుందో వెతుక్కోవాలి. మాట మాట మీద వేలు పెట్టి వెతుకుతుంటే పేలు చూస్తున్నట్టుందని భార్య ఖుద్సియా ఎగతాళి చేస్తుంది.

రాత ఎవరైనా గుర్తుపడతారేమో చూడమని తహసీల్దారు కాగితాన్ని వరండాలోకి పంపాడు. బక్కమ్మ దాన్ని తీసుకుని నేరుగా మక్బూల్ దగ్గరికే వచ్చింది.

"మక్బూల్ సాబ్, దీంట్ల ఏమున్నదో జెర సదివి సెప్పు. నా మొగడు ఏం ఒప్పుకున్నడో నా సెవులతోని ఇంటా."

మక్బూల్ కళ్లద్దాలు తుడుచుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"నాతోని కాదు బక్కమ్మా. సంగయ్యనడుగు."

"గాయన్నెట్ల నమ్మాలె? మా అత్త కాలం సంది మా ఇంటి అర్జీలు నువ్వే రాస్తివి."

అతను పుస్తకం తెరిచాడు.

పదకొండు వరుసలు. మధ్యలో ఎక్కడా చుక్క లేదు. మొత్తం ఒకటే వాక్యం. ముందు పని చేసేవాణ్ణి పట్టుకోవాలి, తర్వాత పనిని పట్టుకోవాలి. పుస్తకం అలాగే చెప్పింది. చేసేవాడు మొదటి వరుసలోనే దొరికాడు. కిష్టప్ప అనే నేను. పని దొరకలేదు. రెండో వరుస నిండా తండ్రి పేరు, ఊరి పేరు. మూడో వరుసలో ఒక క్రియ దొరికినట్టే దొరికి, అది మధ్యలో వచ్చిన ఉపవాక్యానిదని తేలింది. తర్వాత పొలం హద్దులు. తర్వాత మర్యాద మాటలు, వినయాలు.

ఒంటిగంట అయింది. సంగయ్య సద్ది విప్పి, తినలేక మళ్లీ కట్టేశాడు. బక్కమ్మ స్తంభానికి ఆనుకుని మక్బూల్ వేలినే చూస్తోంది. రెండు దాటింది. ఆ వేలు తొమ్మిదో వరుస దాకా వెళ్లి ఆగిపోయింది.

"దొరికిందా సాబ్?"

"దొరికింది." మక్బూల్ వేలు అక్కడే ఉంచాడు. "వదులుకుంటున్న అని ఉన్నది. భూమి మీద నాకుగాని, నా పిల్లలకుగాని హక్కు లేదు అని ఉన్నది. బావి మాట యాడ లేదు."

బక్కమ్మ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా మొగడు సచ్చినా గిట్ల అనడు. గది రాసినోనికి తెల్వదా సాబ్, మా నోట్ల మన్ను గొడ్తున్ననని?"

మక్బూల్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

మూడు కొట్టింది. అందరూ లోపలికి వెళ్లారు. గుమాస్తా నింపాదిగా వక్కపలుకు నములుతున్నాడు. బక్కమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. కాగితం తిరిగి బల్ల మీదికి చేరింది. తహసీల్దారు సంగయ్య వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, కలం సిరాలో ముంచాడు.

మక్బూల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని బల్ల ముందుకు వచ్చాడు.

"రాత గుర్తుపట్టావా?" తలెత్తకుండానే అడిగాడు తహసీల్దారు.

"రాసింది నేనే హుజూర్, గుమాస్తా నమూనా ఇస్తే సూసి అక్షరాలు దించిన, ఏం రాసిన్నో ఇయ్యాల్నే తెలిసింది."