వరుస చివర నాలుగు గుంటలు

దగ్గరికి జరగండి తల్లీ, దేవుడి దయవల్ల కథ చిన్నదే.

ఒక అడవిలో పెద్ద జంతువులే ముందు తాగి మడుగంతా బురద చేసేవి. అక్కడికి పాలకుడిగా వచ్చిన ఏనుగు, "చిన్నవాళ్లు ముందు, నేను చివర" అన్నాడు. బతికినంతకాలం అలాగే చివర నిలబడ్డాడు.

ఆయన పోయాక అడవిదున్న కొత్త పాలకుడయ్యాడు. నక్క పూలదండతో ఎదురెళ్లి, "తమరు ముందుకు దయచేయండి!" అంది. దున్న వరుస ముందుకు నడిచాడు.

దాహంతో పిల్లలు ఏడుస్తుంటే కుందేలమ్మ ఆగలేకపోయింది. "అయ్యా, మా పెద్దాయన చోటు ఇది కాదండీ."

"మరెక్కడమ్మా?"

వరుస చివర, ఎండిన బురదలో ఏనుగు పాదాల గుంటలు నాలుగు చూపించింది. దున్న వెళ్లి వాటిలో కాళ్లు పెట్టాడు.

"నాకింకా వదులేనమ్మా!" అని నవ్వి, అక్కడే నిలబడ్డాడు. "నక్కగారూ, ఆ దండ పక్కన పెట్టి నా ముందుకు రండి."

అప్పటికే కుందేలు పిల్లలు తేట నీళ్లలో మూతులు పెట్టేశాయి.