మెల్లకన్ను ఉన్న ఫోటో

జిలానీ స్టూడియో బోర్డు మీద రెండే ధరలు: ఫైలు ఉచితం, ప్రింటు ఐదు వేలు. ఫోన్లలోని ఫోటో ఫైళ్ళు వాటంతట అవే ముస్తాబయ్యే రోజులొచ్చాక వాటికి డబ్బులిచ్చేవాళ్ళు లేరు. చూసేవాళ్ళకి ఏది నచ్చుతుందో కనిపెట్టి, ఫోటోలో మనిషి రోజురోజుకీ మచ్చలు తుడుచుకుంటాడు, జుట్టు ఒత్తుగా చేసుకుంటాడు.

ఆ పొద్దున మంగతాయారు ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. నిరుడు పోయిన ఆమె భర్త అందులో సినిమా హీరోలా నవ్వుతున్నాడు.

“ఈయన మా ఆయన కాదు జిలానీ గారూ. మెల్లకన్ను ఏదీ? నాన్నకి అసలు మెల్లకన్నే లేదని పిల్లలు వాదిస్తున్నారు. గోడ మీది పెళ్ళి ఫోటోలో కూడా లేదు. నాకే అనుమానం వస్తోంది. మారకుండా ఉండే ప్రింటు ఒకటి తీసివ్వండి.”

“ఇవాళ్టి ఫైలు నుంచి ఇవాళ్టి మొహమే వస్తుందమ్మా,” అని జిలానీ తల గోక్కున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి షోకేసు తెరిచాడు. ముప్పై ఏళ్ళు ఎండకి వెలిసిపోయిన పెళ్ళి ఫోటో తీసి ఆమె చేతికిచ్చాడు. అందులో పెళ్ళికొడుకు మెల్లకన్నుతో బెదురుగా చూస్తున్నాడు.

మంగతాయారు ఆ కన్ను మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“దీనికెంత?” అంది.

జిలానీ బోర్డుని రెండుసార్లు చదువుకున్నాడు.

“అప్పట్లో ఇది వద్దని మీరే తిప్పి పంపారమ్మా. కన్ను సరిచేసి మళ్ళీ వేసినందుకు వంద ఎక్కువ తీసుకున్నాను. సరిచేయనిదానికి ఎంత తీసుకోవాలో నాకు తెలీడం లేదు.”